బెడ్లు పెరిగాయి, సిస్టర్లు పెరగలేదు

మీలో ఎవరైనా అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఉంటే మా నాన్న చేతి ఇడ్లీ తినే ఉంటారేమో. మైత్రీవనం నుంచి కాస్త లోపలికి, హాస్టళ్ల బోర్డులూ ఇన్‌స్టిట్యూట్ల ఫ్లెక్సీలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గల్లీలో ఉంటుంది మా టిఫిన్ సెంటర్. పేరు చెప్పినా ఎవరికీ గుర్తుండదు. అందరూ ‘బోరింగు పక్కన ఇడ్లీ’ అనే అంటారు. బోరింగు పీకేసి చాలా ఏళ్లయింది.

లాక్‌డౌన్ జ్ఞాపకాలు రాయడం నా ఉద్దేశం కాదు. డాల్గోనా కాఫీలు, ఇంట్లో చేసుకున్న హెయిర్‌కట్‌లు, ఆన్‌లైన్ క్లాసులో మ్యూట్ మర్చిపోయి తిట్టిన తిట్లు... అవన్నీ మీకూ ఉన్నాయి. నేను చెప్పేది ఒకే ఇంట్లో ఉన్న రెండు పనుల గురించి. నాన్నది టిఫిన్ సెంటర్, అక్కది నర్సు డ్యూటీ. కరోనా వచ్చాక ఒకదానికి గిరాకీ పోయింది, ఇంకోదానికి మనుషులు చాలలేదు. టీవీలో ఇవి రెండూ వేర్వేరు వార్తలుగా వచ్చేవి. సాయంత్రం హెల్త్ బులెటిన్, రాత్రి బిజినెస్ న్యూస్. మా ఇంట్లో మాత్రం రెండూ ఒకే కంచంలో పడ్డాయి.

ముందు టిఫిన్ సెంటర్ లెక్క చెప్తాను. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. 2020 మొదట్లో మా దగ్గర ప్లేట్ ఇడ్లీ 30 రూపాయలు. మంచిరోజున గల్లాలో తొమ్మిది, పదివేలు పడేవి. అందులోంచే మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, పల్లీలు, నూనె, రెండ్రోజులకో కమర్షియల్ సిలిండర్, దోశ మాస్టర్ జీతం, ఇద్దరు హెల్పర్లు, కరెంటు బిల్లు, మల్గీ కిరాయి నెలకి 28 వేలు. అన్నీ పోగా రోజుకి పదిహేను వందలు మిగిలితే ఆ రాత్రి నాన్న ఇంటికొచ్చేటప్పుడు అమ్మకి మల్లెపూలు తెచ్చేవాడు. ఆ మిగిలింది కూడా చిట్టీకి, నా డిగ్రీ ఫీజుకి, ఊళ్లో నాయనమ్మ మందులకి సరి. సేవింగ్స్ అనే మాట మా పాస్‌బుక్ అట్ట మీద తప్ప లోపల ఉండేది కాదు.

గిరాకీ అంతా హాస్టల్ పిల్లలే. జావా, టెస్టింగ్, పైథాన్, డెవాప్స్... “కోర్సులు మారుతయ్ గాని ఆకలి మారదు బిడ్డా” అనేవాడు నాన్న. ఆ ధీమా 2020 మార్చి 14 వరకే ఉంది. ఆ రోజు తెలంగాణ ప్రభుత్వం విద్యాసంస్థలు మూసేయమంది. దేశమంతా లాక్‌డౌన్ పడటానికి ఇంకా పదకొండు రోజులుంది. మాకు ఆ రోజే పడింది. మర్నాటికి నానబెట్టిన పప్పు రుబ్బాలా వద్దా అని అమ్మా నాన్నా రాత్రి పదింటికి గ్రైండర్ ముందు నిలబడి మాట్లాడుకున్నారు.

మార్చి 25కి హాస్టళ్లు కూడా ఖాళీ. సామాన్లు రావు, వంటవాళ్లు రారు, మీరు వెళ్లిపోండి అన్నారు ఓనర్లు. పిల్లలంతా పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం లైన్లు కట్టారు. పాసులిచ్చారు కూడా. తీరా బైకుల మీదా కార్లలోనూ బయల్దేరినవాళ్లు ఆంధ్రా బోర్డర్‌లో, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. మా దగ్గర రోజూ తినే ఒంగోలు కుర్రాళ్లిద్దరు అక్కణ్నుంచే నాన్నకి ఫోన్ చేశారు. “అంకుల్, మన ఖాతాలో నాలుగొందలున్నాయి, ఫోన్‌పే చేస్తున్నాం” అని. ఎర్రటి ఎండలో, ఇటు పోలీసులూ అటు పోలీసుల మధ్య నిలబడి వాళ్లకి మా ఉద్దెర గుర్తొచ్చింది. నాన్న ఇప్పటికీ ఈ సంగతి కనీసం నెలకోసారి ఎవరికో ఒకరికి చెప్తాడు.

ఇక అక్క. బీఎస్సీ నర్సింగ్, నాలుగేళ్లు చదివింది. కార్పొరేట్‌కి కాస్త కింద, నర్సింగ్‌హోమ్‌కి కాస్త పైన ఉండే ఒక ప్రైవేటు హాస్పిటల్లో పనిచేసేది. కరోనా అంటే హాస్పిటళ్లకి పండగే అని అప్పట్లో చాలామంది అన్నారు. మొదటి రెండు నెలలు జరిగింది దానికి పూర్తిగా ఉల్టా. ఓపీ బంద్, ఆపరేషన్లు వాయిదా, బస్సుల్లేవు కాబట్టి ఊళ్ల నుంచి పేషెంట్లు రారు. మోకాళ్ల ఆపరేషన్లు, కంటి శుక్లాలు, గాల్‌బ్లాడర్లు... ప్రైవేటు హాస్పిటల్‌కి జీతాలిచ్చేవి ఇవే. అవి ఆగాయి. ఏప్రిల్‌లో అక్కకి సగం జీతమే పడింది. మే నెలలో “వారం డ్యూటీ, వారం జీతం లేని సెలవు” అన్నారు.

ఆలోచించండి. వందేళ్లలో చూడని రోగం ఊరి మీద పడ్డ నెలల్లో, చదువుకున్న నర్సు పని లేక మా వంటింట్లో ఉల్లిపాయలు కోస్తోంది. అదే ఊళ్లో, ఆరేడు కిలోమీటర్ల అవతల, మొత్తం కోవిడ్‌కే కేటాయించిన గాంధీ హాస్పిటల్లో సిస్టర్లు పీపీఈ కిట్లలో తడిసి ముద్దవుతున్నారు. ఒకచోట మనుషులు ఖాళీ, ఇంకోచోట మనుషులు కరువు. అటునుంచి ఇటు తెచ్చే దారి ఏదీ ముందే వేసి లేదు. ఎవరి పేరోల్ వాళ్లది.

ఇంకో తమాషా. 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగానే ‘నర్సులు, మిడ్‌వైఫ్‌ల సంవత్సరం’గా ప్రకటించి పెట్టింది, ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి రెండొందల ఏళ్లయిందని. ఆ ఏడాది ఏప్రిల్‌లో వాళ్లే ఒక రిపోర్ట్ ఇచ్చారు. ప్రపంచం మొత్తం మీద 59 లక్షల మంది నర్సులు తక్కువగా ఉన్నారని అందులో లెక్క. ఆ కొరత 2018 నాటిది. అంటే వైరస్ పుట్టకముందే ఉంది.

జూన్‌లో అక్క ప్రైవేటు మానేసి, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా ఒక సర్కారు దవాఖానాలో కోవిడ్ డ్యూటీకి చేరింది. ఆర్డర్ కాపీలో ‘తాత్కాలికం’ అనే మాట మూడు చోట్ల ఉంది. నాన్న వద్దన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. అక్క ఒక్క మాటే అంది: “నువ్వు షాప్ తెరిస్తే గిరాకీ వస్తలేదు, నేను పోతే జీతమన్న వస్తది.” ధైర్యం, త్యాగం, దేశసేవ లాంటి మాటలు ఆ రోజు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. నిజానికి తర్వాత కూడా రాలేదు. ఫ్రంట్‌లైన్ వారియర్ అని ఎవరో ఆమె ఫొటో స్టేటస్ పెడితే, “వారియర్‌కి పీఎఫ్ కట్ చేస్తున్నరు గాని అకౌంట్ల కనిపిస్తలేదు” అని రిప్లై ఇచ్చింది.

మా ఓనర్లు మంచివాళ్లే. మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు సాయంత్రం అయిదింటికి వాళ్ల బాల్కనీలోంచి వచ్చినంత పెద్ద పళ్లెం చప్పుడు గల్లీలో ఇంకెవరి ఇంట్లోంచీ రాలేదు. జూన్‌లో అక్క కోవిడ్ వార్డుకి వెళ్తోందని తెలిశాక ఆంటీ మెట్ల మీద నాలుగడుగుల దూరంలో నిలబడి, “డ్యూటీ అయ్యేదాకా పాపని ఏదన్న హాస్టల్ల ఉంచరాదు?” అంది. ఏ హాస్టల్? అన్నీ మూసే ఉన్నాయి. అప్పటికే డాక్టర్లనీ నర్సులనీ ఇళ్లు ఖాళీ చేయిస్తున్నారని దేశమంతా గోల. దాడులు కూడా జరిగాయి. ఏప్రిల్ 22న కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అని. చట్టం కొట్టేవాళ్లని ఆపుతుంది. మెట్ల మీద మెల్లగా చెప్పే ఆంటీని ఏం చేస్తుంది? చివరికి అక్క డాబా మీది రేకుల గదిలోకి మారింది. పొద్దున టిఫిన్ నేను మెట్ల చివర పెట్టి, మిస్డ్ కాల్ ఇచ్చి దిగిపోయేవాణ్ని.

షాపుకి ప్రభుత్వం ఏం చేసిందని అడుగుతారేమో. చేసింది, అందరికీ కాదు. జూన్ 1న పీఎం స్వనిధి వచ్చింది. వీధి వ్యాపారులకి పదివేల రూపాయల లోన్, ఏడాదిలో కట్టుకోవచ్చు. మా ముందు బండి మీద మిర్చి బజ్జీ వేసే అన్నకి వచ్చింది, ఆయన బండి మళ్లీ నిలబడింది. మాకు రాదు. మాది మల్గీ, మేం వీధి వ్యాపారులం కాము. అంతకుముందు మే నెలలో చిన్న పరిశ్రమలకి మూడు లక్షల కోట్లు అని పెద్ద ప్రకటన వచ్చింది కదా, గ్యారంటీ అడగని లోన్లు. దానికి నాన్న బ్యాంకుకి వెళ్లాడు. ఇప్పటికే ఉన్న లోన్ మీద ఇరవై శాతం అదనంగా ఇస్తారట. నాన్నకి లోన్ లేదు. జీవితమంతా బ్యాంకు అప్పు లేకుండా బతికానని గొప్పగా చెప్పుకున్న మనిషి, అప్పు లేదు కాబట్టి అప్పు రాదని విని ఇంటికొచ్చాడు. మారటోరియం కూడా అంతే, ఈఎంఐలు ఉన్నవాళ్లకి. మా ఈఎంఐ మల్గీ కిరాయే. దానికి ఏ రిజర్వ్ బ్యాంకూ సర్క్యులర్ ఇవ్వదు.

అప్పుడు అమ్మ గాజులు బయటికొచ్చాయి. నాలుగు గాజులు, నాలుగున్నర తులాలు. ఆ ఆగస్టులో బంగారం ధర పది గ్రాములు 55 వేలు దాటింది. అదే నెల రిజర్వ్ బ్యాంక్, బంగారం విలువలో 75 శాతం దాకానే ఇచ్చే అప్పుని 90 శాతం దాకా ఇవ్వొచ్చని బ్యాంకులకి చెప్పింది. మా గల్లీ ఆడవాళ్లు ఎకనమిక్స్ చదవలేదు కానీ ఈ రెండు ముక్కలూ వారం లోపల అందరికీ తెలిసిపోయాయి. బ్యాంకు ముందు గుండ్రాల్లో నిలబడ్డ లైన్ అంతా మాస్కులే, ప్రతి చేతిలో ఒక చిన్న గుడ్డ మూట. ఆ ఏడాది చిన్న వ్యాపారాలు ఎలా బతికాయని ఎవరైనా రీసెర్చ్ చేస్తే, ప్యాకేజీ కాయితాల కంటే ముందు ఆ మూటలు లెక్కపెట్టాలని నాకనిపిస్తుంది.

జూన్ 8 నుంచి హోటళ్లలో కూర్చుని తినొచ్చన్నారు. తెరిచాం. పిల్లలేరీ? క్లాసులన్నీ జూమ్‌లోకి వెళ్లిపోయాయి. విజయనగరంలో మంచం మీద పడుకుని అమీర్‌పేట జావా నేర్చుకోవచ్చని తేలిపోయింది. క్లాసు జూమ్‌లోకి వెళ్తుంది, ఇడ్లీ వెళ్లదు. దోశ మాస్టర్ ఊరికెళ్లి ఉపాధి హామీ పనిలో చేరాడు, ఒడిశా హెల్పర్ తిరిగి రాలేదు. పెనం దగ్గర నాన్న, పార్సిళ్ల దగ్గర నేను, అంట్ల దగ్గర అత్త. మొత్తం స్టాఫ్ ఇంతే. ఆ సెప్టెంబర్ 7న మెట్రో మళ్లీ నడిచాక కొంచెం గిరాకీ కదిలింది.

అత్త అంటే మా బంధువు కాదు. ఎనిమిదేళ్లుగా మా దగ్గర అంట్లు తోముతుంది, నాన్నని అన్నా అంటుంది కాబట్టి మాకు అత్త. ఈ కథలో పబ్లిక్ హెల్త్ అనే పెద్ద మాటకి నాకు తెలిసిన మొహం ఆమెదే.

ఆ అక్టోబర్‌లో అత్త దగ్గడం మొదలుపెట్టింది. టిఫిన్ సెంటర్‌లో దగ్గు, అదీ 2020లో! గిరాకీలు ప్లేట్ అక్కడే వదిలేసి వెళ్లిపోయేవాళ్లు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, గోలెం వెనక్కి పోయి దగ్గేది. టెస్ట్ చేయించాం, కోవిడ్ నెగెటివ్. నాన్న హమ్మయ్య అనుకున్నాడు. ఆమె ఇంకా ఎక్కువ హమ్మయ్య అనుకుంది. మందుల షాపువాడు సిరప్ ఇచ్చాడు. నవంబర్ వచ్చింది, దగ్గు పోలేదు. జాకెట్టు వదులైంది. “పనెక్కువైంది కదన్నా, గందుకే” అనేది.

అక్క డాబా మీంచి కిందికి చూస్తూ ఒకరోజు అడిగింది, “అత్తా, సాయంత్రం జ్వరం వస్తుందా? రాత్రి చెమటలు పడుతున్నయా?” రెండూ ఉన్నాయి. దగ్గు మొదలై అప్పటికి ఆరు వారాలు. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్లె పరీక్ష చేయాలని ప్రతి హెల్త్ సెంటర్ గోడ మీదా రాసి ఉంటుంది. ఆ గోడ లోపల కూర్చోవాల్సిన ల్యాబ్ టెక్నీషియన్ కోవిడ్ టెస్టుల డ్యూటీలో ఉన్నాడు. టీబీని పట్టే ట్రూనాట్ మిషన్లని కోవిడ్ టెస్టులకి కూడా వాడుతున్నారు. ఇల్లిల్లూ తిరిగి దగ్గేవాళ్లని అడగాల్సిన ఆశా కార్యకర్తలు కంటైన్‌మెంట్ జోన్లలో ఉన్నారు. మూడుసార్లు తిరిగాక నాలుగోసారి కళ్లె తీసుకున్నారు. టీబీ.

మన దేశంలో 2019లో సుమారు 24 లక్షల మంది టీబీ పేషెంట్లు నమోదయ్యారు. 2020లో 18 లక్షలు. పేపర్లో ఆ అంకె చూసి ఎవరైనా టీబీ తగ్గింది అనుకుంటారు. మాస్కుల వల్ల కొంచెం తగ్గిందేమో కూడా. కానీ ఒక్క ఏడాదిలో ఆరు లక్షలు తగ్గేంత మర్యాద టీబీకి లేదు. చాలామంది మా అత్తలాగే కొంగు నోట్లో పెట్టుకుని దగ్గుతూ ఉండిపోయారు. అత్త ఆరు నెలల కోర్సు పూర్తి చేసింది, పోషణ కోసం ఇచ్చే నెలకి అయిదొందలు ఆలస్యంగానైనా పడ్డాయి. మొదటి రెండు నెలలు ఆమెని షాపుకి రావద్దని నాన్న చెప్పాల్సి వచ్చింది. సగం జీతం ఇంటికి పంపాడు. ఎందుకు సగమే అని మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. సగం కంటే ఎక్కువ గల్లాలో లేదు.

నాకు అప్పుడే తట్టింది. నాన్న షాపు, అక్క వార్డు, ఆ హెల్త్ సెంటర్ మూడూ ఒకే పద్ధతిలో నడుస్తున్నాయి. మామూలు రోజుకి సరిగ్గా సరిపడా మనుషులు, సరిగ్గా సరిపడా డబ్బు. ఒక్కరు ఎక్కువ ఉండరు. మామూలు రోజుల్లో దాన్ని పొదుపు అంటారు, మేనేజ్‌మెంట్ అంటారు. ఒక మనిషి పడిపోతే ఆ పొదుపుకి అసలు రేటు ఎంతో తెలుస్తుంది.

2021 ఏప్రిల్‌లో ఆ రేటు కట్టాల్సి వచ్చింది. సెకండ్ వేవ్ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. బెడ్ కావాలి, ఆక్సిజన్ కావాలి, రెమ్‌డెసివిర్ కావాలి అని మన ఫోన్లన్నీ అరిచిన రోజులు. మనం షేర్ చేసిన ఆ పోస్టుల్లో బెడ్ అనే మాట ఎన్నిసార్లుందో! నర్సు కావాలి అని ఎవరూ పోస్ట్ పెట్టలేదు. ఏప్రిల్ 23న బేగంపేట నుంచి ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లని వాయుసేన విమానాల్లో భువనేశ్వర్ పంపారు. రోడ్డు మీద పట్టే రోజులు కలిసొచ్చాయి, మంచి పని. వరండాల్లో మంచాలు వేశారు, ఆక్సిజన్ లైన్లు లాగారు, వెంటిలేటర్లు తెచ్చారు. కానీ నర్సు తయారవ్వాలంటే నాలుగేళ్లు. ఆమెని ఏ విమానంలో తెస్తారు?

ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న మనిషికి ఒక నర్సు ఉండాలనేది పుస్తకంలో మాట. ఆ మే నెలలో ఒక రాత్రి అక్క చేతి కింద పద్నాలుగు మంది. అందరూ ఆక్సిజన్ మీద, నలుగురికి హై ఫ్లో. బోర్లా పడుకోబెడితే ఊపిరి అందుతుంది. కానీ ట్యూబ్ వేసి ఉన్న మనిషిని బోర్లా తిప్పాలంటే నలుగురైదుగురు ఒకేసారి పట్టాలి. ఒకరు తల దగ్గర ట్యూబ్ కదలకుండా, మిగతావాళ్లు చెరో పక్క. ఆ నలుగురు దొరికేలోపు ఇంకో బెడ్ దగ్గర మానిటర్ మోగుతుంది. ఎటు వెళ్లాలి? “సాచురేషన్ చూసి కాదురా, వయసు చూసి కూడా కాదు. ఎవరి దగ్గరికి పోతే నా ఒక్కదానితోటి అయితదో అటు పోయేదాన్ని” అంది అక్క ఒకసారి. నేను ఇంకేమీ అడగలేదు. ఆమె కూడా మళ్లీ చెప్పలేదు.

ఒక సిస్టర్‌కి పాజిటివ్ వస్తే రెండు వారాలు ఆమె రాదు. ఆమె పేషెంట్లు ఇంకొకరికి వస్తారు. ఆమె అలిసిపోతుంది, చేతులు కడుక్కునే నిమిషం కూడా దొరకదు, ఆమెకీ పాజిటివ్ వస్తుంది. అక్క వార్డులో పదకొండు మందిలో ఆరుగురు ఒకే నెలలో పడిపోయారు. జనవరి 16 నుంచి హెల్త్ స్టాఫ్‌కి టీకాలు మొదలై, అక్కకి అప్పటికే రెండు డోసులు పడ్డాయి కాబట్టి మా ఇల్లు బతికిందని నా నమ్మకం. టీకా మీద వాట్సాప్‌లో డౌట్లు పెట్టే మా బాబాయికి నేను అప్పట్నుంచీ జవాబివ్వడం మానేశాను.

మే 3న కేంద్రం ఒక మాట చెప్పింది. కోవిడ్ డ్యూటీలో వంద రోజులు పూర్తిచేసినవాళ్లకి రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తామని. ఆ క్లిప్పింగ్ అక్క ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. అప్పటికి ఆమె డ్యూటీ మూడొందల రోజులు దాటింది. మే 12 నుంచి తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకే సడలింపు. టిఫిన్ సెంటర్‌కి నాలుగు గంటలు చాలు నిజానికి. పోలీసు విజిల్‌కి భయపడి తొమ్మిదింటికే ప్లేట్లు సర్దేసేవాళ్లం. జూన్ 20న అన్నీ తెరుచుకున్నాయి. కొద్ది వారాలకే ఏజెన్సీ గ్రూప్‌లో ఒక మెసేజ్ వచ్చింది, పీరియడ్ ముగిసింది, రేపట్నుంచి డ్యూటీకి రానవసరం లేదు అని. చివర్లో దండం ఎమోజీ. కేసులు తగ్గాయి కాబట్టి మనుషులు ఎక్కువయ్యారట. అదే వార్డులో డెంగ్యూ పేషెంట్లకి అప్పటికే ఒక్కో సిస్టర్‌కి పాతికమంది.

రెగ్యులర్ పోస్టుల సంగతికొస్తే, నోటిఫికేషన్ 2022 డిసెంబర్ 30న పడింది. 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులు. రాతపరీక్షకి 80 మార్కులు, కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్‌లో చేసిన సర్వీసుకి 20. ఏళ్ల తరబడి అలా మగ్గినవాళ్లకి ఆ ఇరవై న్యాయమే. అక్కలాగా ఏడాది కోవిడ్ డ్యూటీ చేసినవాళ్లకి అందులో దక్కేది కొంచెం. 2023 ఆగస్టు 2న పరీక్ష రాసింది. అప్పటికి మళ్లీ ఒక ప్రైవేటు హాస్పిటల్లో నైట్ డ్యూటీలు, పగలు చదువు. తర్వాత పోస్టుల సంఖ్య పెంచారు, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో వేలమందికి నియామక పత్రాలు ఇచ్చారు. ఆమె బ్యాచ్ ముగ్గురికి వచ్చింది. అక్కకి రెండు మార్కుల్లో పోయింది. మంచి విషయం ఏంటంటే అన్ని వేల పోస్టులు నిండాయి. ఇంకో కరోనా వస్తే ఆ ముగ్గురూ ముందే వార్డులో ఉంటారు.

షాప్ ఇప్పుడు ఉంది. సగం మల్గీలో. మిగతా సగం మొబైల్ కవర్లు అమ్మేవాళ్లకి ఇచ్చాం. హాస్టళ్లు మళ్లీ నిండాయి కానీ ముందంత కాదు. సిలిండర్ 2021 చివరికే రెండు వేలు దాటింది, ఇడ్లీ నలభై అయింది. అత్త వస్తోంది. ఇప్పుడు ఎవరైనా గిరాకీ దగ్గితే ఆమే ముందు అడుగుతుంది, ఎన్ని రోజులైంది బాబూ అని.

అక్క జర్మన్ నేర్చుకుంటోంది. ఎక్కడనుకున్నారు? మా గల్లీకి రెండు గల్లీల అవతలే. జావా ఫ్లెక్సీల పక్కన ఇప్పుడు నర్సుల ఫొటోలతో జర్మన్ ఫ్లెక్సీలు వెలిశాయి. అక్కడ వృద్ధులెక్కువ, నర్సులు తక్కువ. బీ-వన్, బీ-టూ అని లెవెల్స్ ఉంటాయి, అవి దాటాలి. అక్క బ్యాచ్‌లో పద్దెనిమిది మంది ఉంటే తొమ్మిదిమంది కోవిడ్ వార్డుల్లో చేసినవాళ్లే. ‘ఎక్కడ నొప్పిగా ఉంది’ అనే వాక్యం వాళ్లకి రెండో వారంలోనే నేర్పారట. “వో టూట్ ఎస్ వే” అని పిండి రుబ్బుతున్న అమ్మని అడుగుతుంది. అమ్మ నడుం చూపిస్తుంది.

కోర్సుకి, పరీక్షలకి, సర్టిఫికెట్ల అనువాదాలకి కలిపి లక్షన్నర పైనే అవుతుంది. పోయిన ఏడాదే విడిపించిన గాజుల్లో రెండు మొన్న సోమవారం మళ్లీ బ్యాంకుకి వెళ్లాయి. ఈసారి లైన్ లేదు, పావుగంటలో పనైపోయింది.